నొప్పి తొడుగు

"ఇంకో చుట్టు తిప్పు! ఆగకు!" మైకులోంచి శిక్షకుడి గొంతు గద్దించింది.

మూడో నంబరు స్ట్రెచర్ మీద స్వరూప గొంతు చించుకుని అరిచింది. ఆమె కుడి తొడ ఎముక రెండు ముక్కలైంది. నిజానికి ఎముక చెక్కుచెదరలేదు, చర్మం మీద గీత కూడా లేదు. కానీ ఆమె నరాలు మాత్రం విరిగిందనే చెబుతున్నాయి. నరాలు చెప్పాక మనిషి నమ్మకుండా ఎలా ఉంటాడు?

ఆమె తొడ మీద పట్టీ బిగిస్తున్న కుర్రవాడికి పంతొమ్మిదేళ్ళుంటాయి. పేరు హనోకు. పట్టీకి ఉన్న చిన్న కడ్డీని మెలితిప్పుతున్న కొద్దీ నొప్పి పెరుగుతోంది. "చంపేస్తున్నవ్ బాబూ, వదులూ" అని స్వరూప మొత్తుకుంది. అతని చెయ్యి ఆగలేదు. కడ్డీని కొక్కేనికి తగిలించి, "అయిపోయింది పెద్దమ్మా, ఇంక రక్తం పోదు" అని, జేబులోంచి మార్కరు తీసి ఆమె నుదుటి మీద పట్టీ కట్టిన టైము రాశాడు. వెంటనే పక్క స్ట్రెచర్ దగ్గరికి వెళ్ళిపోయాడు. గోడ మీద పచ్చ లైటు వెలిగింది. నొప్పి స్విచ్ తీసినట్టు పోయింది.

2063 నాటికి యుద్ధాల్లో చాలా పనులు యంత్రాలే చేస్తున్నాయి గానీ, కాలు తెగిన మనిషికి కట్టు కట్టడానికి ఇంకా మనిషి చెయ్యే కావాలి. ఆ చేతుల్ని తయారుచేసే చోటు వికారాబాద్ దాటాక కొండల మధ్య ఉన్న రణవైద్య శిక్షణ కేంద్రం. అక్కడ డాక్టర్ జెబున్నీసా కనిపెట్టిన యంత్రమే ఈ నొప్పి తొడుగు. చూడ్డానికి పొడుగు సాక్సులా ఉంటుంది. తొడకు తొడిగితే, గాయమైనప్పుడు నరాల్లో ఏ సిగ్నల్స్ పరుగెత్తుతాయో వాటినే పుట్టిస్తుంది. పట్టీ సరిగ్గా బిగిస్తే నొప్పి ముందు భరించలేనంత పెరుగుతుంది, కానీ కంప్యూటర్ లెక్కలో రక్తం ఆగుతుంది. జాలిపడి పట్టీ వదులు చేశారో, నొప్పి ఆ క్షణమే తగ్గుతుంది, రక్తం మళ్ళీ కారుతుంది, మూడు నిమిషాల్లో ఎర్ర లైటు వెలుగుతుంది. అంటే మనిషి పోయినట్టు లెక్క.

"బొమ్మల మీద అందరూ బాగానే కడతారు. అరిచే మనిషి మీద కట్టడమే అసలు చదువు" అని మొదటి రోజున డాక్టర్ జెబున్నీసా తల్లిదండ్రులకు చెప్పింది. "సిపాయిల్ని పడుకోబెడితే పళ్ళు బిగబట్టారు. నటుల్ని తెస్తే గాయానికి మించి అరిచారు. నాకు నిజంగా అరిచేవాళ్ళు కావాలి. అందుకే మిమ్మల్ని పిలిచాను. మీరు వేరేవాళ్ళ పిల్లల కోసం అరుస్తారు, మీ పిల్లల కోసం వేరేవాళ్ళు అరుస్తారు. భరించలేకపోతే మీ చేతిలో బటన్ ఉంటుంది, నొక్కితే అంతా ఆగిపోతుంది. ఒక్కటే నియమం. సొంత బిడ్డ చేతి కింద ఎవరూ పడుకోకూడదు. అప్పుడు నేను కొలిచేది చేతిని కాదు, బంధాన్ని."

స్వరూప భర్త ఓదేలు మొదటి పరీక్షలోనే పనికిరాకుండా పోయాడు. కుర్రతనంలో బొగ్గు గనిలో దిగిన మనిషి, ఇప్పుడు గోదావరిఖనిలో పాత గని గుంతలో నిండిన నీళ్ళ మీద సోలార్ పలకలు కడిగే పనిలో ఉన్నాడు. తొడుగు వేస్తే కళ్ళు ఎర్రబడ్డాయి గానీ నోరు పెగల్లేదు. "మీ ఆయన్ని వంటశాలకి పంపుదాం" అని డాక్టరమ్మ నవ్వింది. అప్పటినుంచి ఆయన ఉల్లిగడ్డలు తరుగుతున్నాడు. స్వరూప మాత్రం ఐదు రోజుల్లో పదకొండు మంది పిల్లల కింద పడుకుని మనసారా అరిచింది. అవతల ఏ తల్లో తన చైత్ర కోసం అలాగే అరుస్తోందన్న ధైర్యం.

ఆ రోజు మధ్యాహ్నం క్యాంటీన్‌లో చైత్ర ఎదురుగా కూచుంది. పళ్ళెంలో అన్నం కలిపింది గానీ ముద్ద ఎత్తలేదు.

"ఏమైంది బిడ్డా?" అంది స్వరూప.

"మల్లా వదిలేసిన."

ఓదేలు చేతిలోని గ్లాసు కింద పెట్టాడు. "రెండోసారా?"

"ఆమె ఏడుస్తుంటే నా చేతులు వణికినయ్ బాపూ. ఒక్క చుట్టు వెనక్కి తిప్పిన. ఒక్కటే. ఎర్ర లైటు వచ్చింది. ఎల్లుండి ఆఖరిది. అందులో పోతే ఇంటికే."

"పోతే పోయింది" అన్నాడు ఓదేలు. "పేరు కొట్టేస్తే కొట్టేయనీ. మనూర్లె ఎంతమంది బతుకుతలేరు?"

"నాకు ఇదే కావాలె బాపూ." చైత్ర గొంతు పెరిగింది, పక్క బల్లవాళ్ళు చూశారు. గొంతు తగ్గించింది. "ఆటో డ్రైవర్ మామ యాదికున్నడు కదా?"

ఇద్దరికీ గుర్తుంది. చైత్ర తొమ్మిదో తరగతిలో ఉండగా బడి ముందు ఆటో బోల్తాపడింది. డ్రైవర్ కాలు నుజ్జయితే, అందరూ ఫోన్లు చేస్తుంటే, ఈ పిల్లే చున్నీ విప్పి తొడకు కట్టింది. అతను కాళ్ళావేళ్ళా పడ్డట్టు బతిమాలాడు. ఆమె ముడి వదులు చేసింది. అంబులెన్స్ వచ్చేసరికి అతను లేడు. ఆ తర్వాత రెండేళ్ళు చైత్ర చున్నీ వేసుకోలేదు.

"ఈసారి వదలొద్దనే ఇక్కడికి వచ్చిన. కానీ అరుపు ఇనంగనే ఆయన మొఖమే కనపడుతది" అంది.

స్వరూపకు ఆ రోజంతా ఒకటే ఆలోచన. బిడ్డకు కట్టడం రాక కాదు, అరుపు వినలేక. అరుపే లేకపోతే?

మర్నాడు పొద్దున సువార్తను పక్కకు పిలిచింది. సువార్తది చీరాల. మగ్గం నేస్తుంది. హనోకు ఆమె కొడుకే, ఆ బ్యాచ్‌లో అందరికంటే మొదటివాడు. పరీక్ష రోజున ఎవరు ఏ విద్యార్థి కింద పడుకోవాలో ముందు రోజే చీటీల్లో వస్తుంది. ముఖానికి మాస్కు, తలకు టోపీ, అందరికీ ఒకే బట్టలు. ఎవరెవరో పిల్లలు గుర్తుపట్టలేరు.

"రేపు మా చైత్రకు నీ చీటీ పడ్డది. నాకిస్తవా?"

సువార్త గుండె మీద చెయ్యి పెట్టుకుంది. "అమ్మో, తప్పు కాదా అక్కా? డాక్టరమ్మ అంత గట్టిగా చెప్పింది గదా."

"తప్పే. కానీ నేను అరువను. అది కట్టేసి పోతది. రెండు నిమిషాల ముచ్చట."

సువార్త చాలాసేపు చీటీని మడతపెడుతూ విప్పుతూ కూచుంది. చివరికి స్వరూప గుప్పిట్లో పెట్టేసింది. "పిల్ల కోసం గదా. ఇంకేం మాట్లాడను."

ఆఖరి పరీక్ష. హాలు నిండా పొగ వదిలారు. స్పీకర్లలో పేలుళ్ళు. నాలుగు స్ట్రెచర్ల మీద నలుగురు. వైద్యురాలు ఒక్కతే, టైము నాలుగు నిమిషాలు. బజర్ మోగగానే నొప్పి కమ్ముకుంది. స్వరూప నోట్లో మాస్కు గుడ్డ కుక్కుకుని పళ్ళతో కొరికింది. మిగతా ముగ్గురూ ఒక్కసారిగా అరిచారు.

పొగలోంచి చైత్ర పరుగెత్తుకొచ్చింది. అరుస్తున్న ముగ్గుర్నీ ఒక్క చూపు చూసి, నేరుగా తల్లి దగ్గరికే వచ్చింది. అరిచేవాడికి ఇంకా ఊపిరి ఉన్నట్టు, చప్పుడు లేనివాడి దగ్గరికే ముందు వెళ్ళాలని వాళ్ళకు మొదటి వారమే నేర్పారు. ఆ సంగతి స్వరూపకు తెలియదు.

చైత్ర పట్టీ వేసింది. కడ్డీ తిప్పింది. ఒకటి. రెండు. మూడు. స్వరూప కళ్ళ ముందు చీకట్లు కమ్మాయి. గొంతులోకి వచ్చిన అరుపును గుటకేసి లోపలికి మింగింది. కొక్కెం పడింది. 'అయిపాయె, ఇగ పో బిడ్డా, పో' అని మనసులో అనుకుంది.

చైత్ర పోలేదు.

"పెద్దమ్మా, వినపడుతుందా? కాలు నొస్తుందా?"

గొంతు విప్పితే గుర్తుపడుతుంది. స్వరూప కళ్ళు మూసుకుంది.

"అయ్యో, నొప్పి తెలుస్తలేదు" అని చైత్ర తనలో తానే అంది. ఆ గొంతులో భయం తల్లికి స్పష్టంగా వినపడింది. ఆఖరి పరీక్షలో పచ్చ లైట్లు చివర్లోనే వెలుగుతాయి గనక, పట్టీ సరిగ్గా పడలేదనుకుని చైత్ర దాని పైన రెండోది కట్టింది. నాడి చూసింది. గడ్డం ఎత్తి ఊపిరి చూసింది. లోపల ఇంకెక్కడైనా రక్తం పోతోందేమోనని పొట్ట తడిమింది. అవతల రెండో నంబరు స్ట్రెచర్ మీద ఎవరో తండ్రి "అమ్మా, ఇటు రావమ్మా" అని పిలుస్తూనే ఉన్నాడు. పిలిచి పిలిచి ఆగిపోయాడు. ఎర్ర లైటు. తర్వాత మిగిలిన రెండింటికీ. ఎర్ర లైటు. బజర్ మోగేసరికి చైత్ర ఇంకా తల్లి చెయ్యి పట్టుకునే ఉంది.

డాక్టర్ జెబున్నీసా తన గదిలో గోడ మీద రెండు గీతలు చూపించింది. ఒకటి కొండలా లేచింది. రెండోది నేల మీద గీసిన ముగ్గు గీతలా బారుగా ఉంది.

"పైది నొప్పి. కిందిది గొంతు. ఇంత నొప్పికి ఇంత నిశ్శబ్దం నేను పదేళ్ళలో చూడలేదు. మాస్కు తీయండి."

స్వరూప తీసింది. మూలన నిలబడ్డ చైత్ర ఆమెను చూసి, గోడకు చేరగిలబడింది.

"నీ కోసమే బిడ్డా" అంది స్వరూప.

"పదకొండు మందికి నిజం చెప్పినవ్. నాకొక్కదానికే అబద్ధం చెప్పినవ్." చైత్ర కళ్ళలో నీళ్ళు లేవు, అందుకే భయమేసింది స్వరూపకు. "నువ్వు ఒక్క మాట అన్నా, ఒక్క మూలుగు మూలిగినా, నేను లేచిపోయేదాన్ని. నాకు కట్టడం వచ్చిందమ్మా. ఈసారి చెయ్యి వణకలేదు. నువ్వు సచ్చిపోతున్నవనుకున్న."

పక్కనే ఉన్న కమాండెంట్ కాగితం దగ్గరికి లాక్కున్నాడు. "మీ దంపతులూ, చీటీ ఇచ్చినావిడా, ముగ్గురూ ఇవాళే బయల్దేరాలి. అమ్మాయి పేరు కొట్టేస్తున్నాం."

"సార్, నా ఒక్కదానిదే తప్పు. చీటీ ఇచ్చినామెను అనకండి" అని స్వరూప చేతులు జోడించింది.

డాక్టర్ జెబున్నీసా ఇంకా గోడ మీది గీతల్నే చూస్తోంది. "ఆగండి కమాండెంట్‌గారూ. రోగి అబద్ధం చెప్పిన పరీక్ష పరీక్ష కాదు. రద్దు చేద్దాం. రేపు మళ్ళీ పెడదాం." ఆమె చైత్ర వైపు తిరిగింది. "ఒక షరతు. మీ అమ్మే పడుకుంటుంది. మాస్కు ఉండదు. గొంతు ఆపుకోదు. ఒప్పుకుంటావా?"

"మీరే వద్దన్నారు కదా మేడం?"

"అన్నాను. ఎందుకన్నానో ఇప్పుడు నాకే తెలుసుకోవాలని ఉంది."

చైత్ర తల్లి వైపు చూసింది. స్వరూప తల ఊపింది.

బయట మెట్ల మీద ఓదేలు మండిపడ్డాడు. "ఏం మనుషులే వీళ్ళు? కన్నబిడ్డతోని తల్లిని ఒర్రిపిస్తరా? పద, ముల్లె సదురు."

"అది పోదు. దాని మొఖం చూసినవా?" అంది స్వరూప. "అరుసుడే కదా. ఎంత అరవాలెనో అంతే అరుస్త. నేను బెదరకుంటె అది బెదరదు."

మర్నాడు తొమ్మిదిన్నరకు హాల్లో పొగ లేచింది. మళ్ళీ నలుగురు. ఈసారి స్వరూప ముఖం మీద ఏ గుడ్డా లేదు. చేతిలో బటన్ ఉంది. బజర్ మోగగానే లెక్కప్రకారం అరవడం మొదలుపెట్టింది. చైత్ర ముందు నాలుగో నంబరు దగ్గరికి వెళ్ళింది, అక్కడ స్పృహ లేనట్టు పడుకోబెట్టిన మనిషి, చప్పుడు లేదు. అది ముగించుకుని తల్లి దగ్గర మోకాళ్ళ మీద కూచుంది.

మొదటి చుట్టుకు స్వరూప లెక్క తప్పింది. రెండో చుట్టుకు ఎవరి కోసం పడుకుందో మరిచిపోయింది. నొప్పి ఒక్కటే మిగిలింది, ఆ నొప్పికి ఎదురుగా తెలిసిన ముఖం ఒకటి ఉంది.

"వదులు చైత్రా! నేనే, అమ్మను! వదులవే! సచ్చిపోతున్న బిడ్డా, నీకు దండం పెడత!"

ఆ మాటలు తన నోటినుంచే వస్తున్నాయని ఆమెకు తెలుస్తూనే ఉంది. ఆపడం చేతకాలేదు. చైత్ర చెయ్యి కడ్డీ మీద ఆగింది. ఒక్క క్షణం. డాక్టర్ జెబున్నీసా అద్దం వెనక లేచి నిలబడింది. చైత్ర కడ్డీని మూడోసారి తిప్పింది. కొక్కెం పడింది. మార్కరు తీసి తల్లి నుదుటి మీద 9:31 అని రాసింది. అంకెలు గుండ్రంగా, వంకర లేకుండా వచ్చాయి. లేచి రెండో నంబరు దగ్గరికి వెళ్ళిపోయింది.

"చైత్రా!" అని స్వరూప వెనకనుంచి పిలిచింది. కూతురు వెనక్కి చూడలేదు.

నాలుగు పచ్చ లైట్లు వెలిగాయి.

పరీక్ష అయ్యాక తొడుగు వేసుకున్నవాళ్ళని ప్రశ్నలడిగి ఫారం నింపాలి. అది కూడా శిక్షణలో భాగమే. చైత్ర అట్ట పట్టుకుని వచ్చి తల్లి పక్కన కూచుంది.

"కాలు తిమ్మిరిగా ఉందా?"

"లేదు."

"తల తిరుగుతుందా?"

"లేదు బిడ్డా."

టిక్కులు పెట్టింది. పెన్నుకు మూత పెట్టింది. "నేనంతా విన్ననమ్మా. నువ్వు అన్నవన్నీ."

"ఇనుకుంటనే తిప్పినవా?"

"ఊఁ."

స్వరూప ఆమె చెయ్యి తన చేతిలోకి తీసుకుంది. చల్లగా, నిలకడగా ఉంది. వారం రోజులుగా ఆ చెయ్యి వణకకూడదని మొక్కని దేవుడు లేడు. ఇప్పుడు కొంచెమైనా వణుకుతోందేమోనని వేళ్ళతో వెతికింది. దొరకలేదు. "మంచిగ కట్టినవ్" అంది. చైత్ర లేచి తర్వాతి స్ట్రెచర్ దగ్గరికి ఫారం తీసుకుని వెళ్ళింది.

మధ్యాహ్నానికి నోటీసు బోర్డు మీద కొత్త కాగితం కనపడింది. తల్లి గొంతును దాటగలిగిన చెయ్యి ఇంక ఏ గొంతుకూ లొంగదని డాక్టర్ జెబున్నీసా రాసింది. ఇకనుంచి చివరి పరీక్షలో ప్రతి విద్యార్థికీ సొంత తల్లో తండ్రో పడుకోవాలి. ముందు పాసైనవాళ్ళకు కూడా ఇదే నియమం. ఓదేలు ఆ కాగితాన్ని రెండుసార్లు చదివి, "నువ్వు చేసిన దొంగపనికి వీళ్ళు చట్టం చేసిన్రే" అన్నాడు.

మర్నాడు మొదటి పేరు హనోకుది.

హాలు బయట సువార్త స్వరూప చెయ్యి పట్టుకుంది. "ఎట్టా ఉంటదక్కా? మావోడు గట్టోడే, అందరికంటే ఫస్టు. నేనే భయపడతన్నా."

స్వరూపకు చెప్పాలని ఉంది. ఏం చెప్పినా ఆ తల్లికి మేలు చేసినట్టు కాదు. "అరువు. ఆపుకోకు" అంది.

తలుపు మూసుకుంది. బజర్ మోగింది. సువార్త అరుపు గోడలు దాటి వచ్చింది, "నాయనా హనోకూ, అమ్మనురా, నా నాయనా" అంటూ. ఓదేలు చెవులు మూసుకున్నాడు. ఆ అరుపు ఉన్నట్టుండి ఆగిపోయింది. మైకులో శిక్షకుడు "పట్టీ కట్టు! వెనక్కి రా! ఎక్కడికి?" అని అరుస్తున్నాడు. తలుపు ధడాలున తెరుచుకుంది. హనోకు తల్లిని రెండు చేతులతో ఎత్తుకుని బయటికి వచ్చాడు. పట్టీ ఊడి ఆమె కాలికి వేలాడుతోంది. వెనక హాల్లో మూడు ఎర్ర లైట్లు ఒకదాని తర్వాత ఒకటి వెలిగాయి.

"నా వల్ల కాదు మేడం" అన్నాడు ఎదురొచ్చిన డాక్టర్ జెబున్నీసాతో. "వేరే ఎవరినైనా పడుకోబెట్టండి, వందమందికి కడతాను. ఈవిడకి నా వల్ల కాదు."

"నీ రికార్డు చూసి నీ మీద ఏ అనుమానమూ పెట్టుకోలేదు హనోక్" అంది ఆమె. చేతిలోని ఎలక్ట్రానిక్ పలక మీద ఏదో రాయబోయి, రాయకుండా ఆపేసింది. కొత్త నియమం మాత్రం కాగితం మీద ఉంది, కమాండెంట్ సంతకంతో.

సాయంత్రం నాలుగింటి బస్సులో స్టేషన్‌కు వెళ్తున్నవాళ్ళు నలుగురే. ఓదేలు ముందు సీట్లో కూచుని డ్రైవర్‌కు కూతురి సంగతి చెబుతున్నాడు. నాలుగుకు నాలుగు పచ్చ లైట్లని, తల్లి మీదే కట్టిందని, డాక్టరమ్మ లేచి నిలబడిందని. చైత్ర వీడ్కోలుకు రాలేదు. కొత్త బ్యాచ్‌కు కట్టడం చూపించే పని అప్పగించారట. ఫోన్‌లో "జాగ్రత్తగా పొండి, చేరినంక మెసేజ్ పెట్టుర్రి" అంది.

నడవకు అవతల సువార్త కొడుకు పక్కన కూచుంది. హనోకు కిట్‌బ్యాగు మీద ఆ కేంద్రం ముద్ర చింపేసి ఉంది. ఏడ్చి ఏడ్చి ఆమె కళ్ళు వాచాయి.

"మీ అమ్మాయి నిలబడింది. నీ కడుపు చల్లగుండ అక్కా" అంది సువార్త. "మావోడు నన్ను చూసి చదువు పాడు చేసుకున్నాడు. మా ఈదిలో ఏం మొకం పెట్టుకుని చెప్పుకోను?"

హనోకు వంగి, సీటు కింద జారిపోయిన తల్లి చెప్పును వెతికి తీసి, దుమ్ము తుడిచి ఆమె కాలికి తొడిగాడు. "ఇంకా నొప్పిగా ఉందా అమ్మా?" అని అడిగాడు. అది ఉత్తుత్తి నొప్పని, ఎప్పుడో పోయిందని అతనికి తెలుసు. అయినా ఆమె తొడను మెల్లగా ఒత్తుతూనే ఉన్నాడు.

బస్సు కొండ దిగుతోంది. "ఏమే స్వరూపా, జెప్పు ఈయనకు, ఎట్ల కట్టిందో" అని ఓదేలు వెనక్కి తిరిగి ఉత్సాహంగా పిలిచాడు.

"మంచిగ కట్టింది" అంది స్వరూప. కళ్ళు మాత్రం ఆ కుర్రవాడి చేతుల మీదే ఉన్నాయి.